మా పూలతోట: నీటికి వెఱచు కొండపూలు



మొక్కకు నీరు పోయుట పుణ్యమని మన పెద్దలు మనకు ఉగ్గుపాలతో నేర్పిరి. ఆశ్రమవృక్షములకు నీరు పోయనిదే శకుంతల తాను నీరు ముట్టదని కాళిదాసు శాకుంతలమున కణ్వమహర్షిచేత చెప్పించినాడు. ఉదయమున తులసికోట కడ చెంబు పట్టి నిలుచు ప్రతి యిల్లాలికిని ఆ మాట సొంతమాటవలె తోచును. వేసవిలో నేల నెఱ్ఱెలు వాఱు మన దేశమున నీరే ప్రేమ. అయితే నీరు పోయుట గాక, నిలిచిన నీటిని తొలగించుటయే ప్రేమ యగు మొక్కలును లోకమున కలవు. ఈ మాసమున వానిని గుఱించి ముచ్చటింతము.

స్కాట్లాండు దేశమున ఎడింబరో నగరమున కాపురముండు మన తెలుగు సోదరి యొకతె యీ శీర్షికకు లేఖ వ్రాసినది. ఆమె యింటి వెనుక చాపంత పెరడు కలదట. అందు రాళ్లు పేర్చి, ఆల్ప్స్ పర్వతములందు పుట్టు పూలమొక్కలను అంగడినుండి తెచ్చి నాటి, మన వాడుక చొప్పున ప్రతిదినమును నీరు పోసినదట. శీతకాలము గడచునప్పటికి మొక్కలన్నియు మొదట కుళ్లి నల్లబడినవి. “అవి చలికి చచ్చినవా?” యని ఆమె మొదటి ప్రశ్న. “సెలవులలో మేము స్విట్జర్లాండు పోవుచున్నాము. అచట కొండమీదినుండి రెండు మొక్కలు పెల్లగించి తెచ్చుకొనిన బ్రదుకునా?” యని రెండవ ప్రశ్న. మొదటిది తోటపనికి సంబంధించినది. రెండవది అంతకంటె పెద్దది. రెండింటికిని క్రమముగా బదులు చెప్పుదును.

ఆమె నాటినవి బటర్‌కప్ జాతి మొక్కలు. ఆ యాంగ్లపదమునకు వెన్నగిన్నె యని యర్థము. పేరునకు తగినట్లు వీనిలో పెక్కింటి పూలు పచ్చని వెన్న పూసిన చిన్నగిన్నెలవలె మెఱయును. రేకు పైపొర అద్దమువలె నునుపై యుండుటయు, దానిక్రింద పలుచని గాలిపొర యుండుటయు ఆ మెఱపునకు కారణములు. శాస్త్రజ్ఞులు దీనికి రనంక్యులస్ అని పేరిడిరి. లాటిను భాషలో చిన్నకప్ప యని దాని యర్థము. ఈ జాతిలో చాలమొక్కలు కప్పలుండు తడినేలల పెరుగుటచే ఆ పేరు వచ్చినదందురు. ఇందు సుమారు 600 రకములు కలవు. పచ్చనివే గాక తెల్లనివి, గులాబివన్నెవి కూడ నున్నవి.

ఇది మనకు బొత్తిగా పరాయి వంశమని తలపవలదు. మన పోపులపెట్టెలోని నల్లజీలకఱ్ఱ యీ కుటుంబములోనిదే. హిమాలయములనుండి వచ్చి మందుల దుకాణములలో చేరు అతివసయు, ఘోరవిషమైన వత్సనాభియు దీని దాయాదులే. ఒకే యింట అన్నము పెట్టు తల్లియు, మందిచ్చు వైద్యుడును, ప్రాణము తీయు శత్రువును పుట్టినట్లున్నది. బటర్‌కప్పుల పసరులోను ఘాటైన విషద్రవ్యము కలదు. ఆకును నలిపినచో అది వెలువడి చర్మముపై బొబ్బలు లేపును. పచ్చిమేతగా పశువులు దీనిని ముట్టవు. ఎండి గడ్డిలో కలిసిన తరువాత ఆ విషము విఱిగిపోవును. కాబట్టి యీ మొక్కలను కత్తిరించునప్పుడు చేతులకు తొడుగులు వేసికొనవలెను. పసిపిల్లలున్న యింట పూవును చూపుడు, నోటికి మాత్రము చేరనీయకుడు.

ఇక మొదటి ప్రశ్న. చలి వీనిని చంపునా? కొండమీద వీని కాపురమెట్టిదో చూచిన సమాధానము తానే దొరకును. రనంక్యులస్ గ్లేసియాలిస్ అను తెల్లని బటర్‌కప్పు ఆల్ప్స్ పర్వతములలో 4,200 మీటర్ల కంటెను ఎత్తున, ఫిన్‌స్టెరార్‌హార్న్ శిఖరమున కానవచ్చినది. నార్వే, ఐస్‌లాండు దేశములందును అది కలదు. మంచు కఱగిన వెంటనే పూచును. తెల్లగా విచ్చి, దినములు గడచిన కొలది గులాబివన్నెకును ఎఱుపునకును తిరుగును. అచట వేసవి రెండు మూడు మాసములే. అంత కొద్ది కాలమున మొగ్గతొడిగి, పూచి, విత్తు కట్టుట కష్టము గనుక, ఈ మొక్క పూయబోవు మొగ్గను ముందటి యేడే సిద్ధము చేసికొని నేలలో దాచుకొనును. సంక్రాంతి బియ్యమును కార్తికమందే దంపి యుంచుకొను గృహిణి నేర్పు దానియందు కలదు.

ఆ మొక్క చలికాలమంతయు మంచుక్రిందనే యుండును. మనకు మంచనగానే చలి తోచును గాని, దట్టముగా కప్పిన మంచు మొక్కకు దూదిబొంతవంటిది. పైన గాలి యెంత కఱకుగా వీచినను, బొంతక్రింద చలి ఒక్కతీరున నుండును. వాన తడి మొక్క తలను తాకదు. వసంతమున మంచు కఱగగా చల్లని నీరు రాళ్లసందులగుండ పాఱును. వేళ్లు దానిని త్రాగునే గాని అందు మునిగియుండవు. పాఱు నీరు వేరు, నిలుచు నీరు వేఱు. పాఱు నీటిలో గాలి యుండును. నిలిచిన నీటిలో వేరునకు ఊపిరి యాడదు.

ఇట్టి మొక్కను ఎడింబరోలో పల్లపు పెరటిలో నాటినచో ఏమగును? అచట శీతకాలమున మంచుబొంత నిలువదు. ఒకనాడు గడ్డకట్టును, మఱునాడు కఱగును, ఆ మఱునాడు వాన కురియును. సూర్యుడు కనబడుట యరుదు. నిద్రించు మొక్క మొదలు నెలల తరబడి తడిగుడ్డలో చుట్టినట్లుండి బూజుపట్టి కుళ్లును. దానిపై మనము ప్రతిదినమును చెంబెడు నీరు పోసితిమా, చంపుటకు సాయపడినట్లే. కనుక సోదరీ, నీ మొక్కలు చలికి చావలేదు, తడికి చచ్చినవి. ఆల్ప్స్ పూలను పెంచు విద్య యంతయు నీరు వచ్చుటకు దారియు, పోవుటకు దారియు కల్పించుటలోనే యున్నది. శిలావనమును వారు నిర్మించుకొనుట అందమునకు మాత్రమే కాదు, ఈ దారికొఱకు.

శిలావన నిర్మాణము చెప్పెదను. చెట్లనీడ పడని, ఆకులు రాలని, ఎండ సోకు తావును చూచుకొనవలెను. తీగవేళ్లతో ప్రాకు కలుపును సాంతముగా ఏఱివేయవలెను. రాళ్లు పేర్చిన పిదప అది చేతికి చిక్కదు. నేలపై జానెడు మందమున విఱిగిన యిటుకలును రాళ్లును పఱచి, దానిపై మన్ను పోయవలెను. ఆ మన్ను తోటమన్ను ఒక పాలు, ఆకులు చివికిన యెరువు ఒక పాలు, గరుకైన యిసుక కలిసిన సన్నకంకర ఒక పాలు కలిపినదిగా నుండవలెను. కొండవాలు గులకరాళ్లలో పెరుగు సుకుమారములకైనచో కంకర సగమునకు మించియుండవలెను. రాళ్లను మన్నుపై బోర్లించినట్లు పెట్టరాదు. మూడవవంతైనను భూమిలో పాతి, పైముఖము కొంచెము వెనుకకు వాలునట్లు నిలుపవలెను. అట్లయిన వాననీరు రాతి వెనుకనున్న వేళ్లకు దిగును. రాతిలోని చారలన్నియు ఒకే దిక్కునకు తిరిగియుండిన, భూమిలోనుండి కొండ తానే తల యెత్తినట్లుండును. నాటిన తరువాత మొక్క మెడచుట్టును అంగుళము మందమున సన్నకంకర పఱవవలెను. మొదలు పొడిగాను, వేరు చల్లగాను ఉండుటకు ఇదియే యుపాయము.

రాళ్లను గుఱించి యొక హెచ్చరిక. వాననీటికి చెక్కబడి విచిత్రరూపములు దాల్చిన సున్నపురాళ్లు చూపునకు ముచ్చటగా నుండును. ఇంగ్లండులో తోటలకొఱకు వీనిని గుట్టలనుండి పెఱికి యమ్ముకొనిరి. వేల సంవత్సరములు పట్టి యేర్పడిన ఆ శిలాతలములు మరల పుట్టునవి కావు గనుక, 1981 నాటి వన్యప్రాణి గ్రామసీమ చట్టముచే వానికి రక్షణ కల్పించిరి. సమీపపు రాతిగని నుండి తెచ్చిన రాయి చాలును. నీటిని మోయుటయే దాని పని గాని, వింతగా నుండుట కాదు.

ఏ మొక్కలు నాటవలెను? తొలి యేడు సులభములతోనే ప్రారంభింపుము. రనంక్యులస్ గ్రామినియస్ అనునది గడ్డివంటి నీలిబూడిదవన్నె యాకులతో జానెడు, జానెడున్నర పెరిగి, వసంతాంతమున నిగనిగలాడు పచ్చని పూలు పూయును. ఐరోపా నైరృతి భాగమున పొడిపచ్చికలలో పుట్టినది గనుక ఎండకు బెదరదు. రనంక్యులస్ మాంటానస్ పొట్టిగా చాపవలె ప్రాకి పచ్చగా పూయును. పిరనీసు పర్వతముల రనంక్యులస్ ఆంప్లెక్సికాలిస్ తెల్లని పూలది; దాని యాకులు తల్లి నడుమును బిడ్డ పట్టుకొనినట్లు కాడను చుట్టియుండును. ఈ మూడును క్రొత్తవారికి తగినవి.

దాయాదులలో హెపాటికాను మఱువరాదు. మూడు పాయల యాకులతో, నీలిపూలతో చలి తీఱకమునుపే విచ్చును. దానికి ఎండకంటె నీడయు, ఆకుల యెరువును ప్రియము. పెద్దరాతికి ఉత్తరపు వైపున నాటవలెను. పల్సటిల్లా యను ఊదాపూల మొక్క ఈస్టరు పండుగ దినములలో పూయును. దాని యొడలంతయు పట్టువంటి నూగు. పూవు రాలిన పిదప విత్తులు వెండియీకల కుచ్చువలె నిలుచును. ఎండయు సున్నపునేలయు దానికి హితము. వేరు లోతునకు దిగును గనుక ఒకసారి నాటిన తరువాత కదల్పరాదు.

మొరాకో దేశపు అట్లాసు పర్వతముల రనంక్యులస్ కాలండ్రినియాయిడిస్ శీతకాలమునందే తెలుపు, గులాబివన్నెలలో పూచి, వేసవిలో ఆకులు వదలి నిద్రించును. దానిని ఆరుబయట గాక, వేడిచేయని గాజుగదిలో కుండయందు పెంచుట మేలు. ఫికారియా యను చిన్న పచ్చపూవును మాత్రము శిలావనములోనికి రానీయకుము. దాని దుంపలు మన్నులో చెదరి, ప్రతి తునకయు మొక్కయై, మరునాటి కిల్లంతయు తనదను చుట్టమువలె తోటనాక్రమించును. ఇక మొదట చెప్పిన గ్లేసియాలిస్‌ను పల్లపునేలల పెంచుట చేయి తిరిగినవారికిని దుస్సాధ్యము. దానిని దానియింటనే యుండనిమ్ము.

నీటివిషయమున కాలమెఱిగి నడువవలెను. వసంతమున చిగురు వేయునప్పటినుండి పూలు ముగియువఱకు నేల ఆఱనీయరాదు. కొండమీద మంచు కఱగు కాలమదియే కదా. వేసవిలో మొక్క నిద్రకు పోయిన తరువాత చేయి తగ్గింపవలెను. శీతకాలమున బొత్తిగా పోయరాదు. పైపెచ్చు, సుకుమారములైన మొక్కలపై ఒక గాజుపలకను నాలుగు రాళ్లపై నిలిపి, ప్రక్కల గాలి యాడునట్లు గొడుగు పట్టవలెను. కొండ యిచ్చు మంచుబొంతకు బదులుగా మనమిచ్చు గొడుగది. లేతచిగుళ్లను నత్తలు మేయును. మెడచుట్టు నున్న కంకర కొంత కాచినను, వానవెలిసిన సాయంకాలములందు దీపము పట్టుకొని చేతితో ఏఱుటయే నిశ్చయమైన చికిత్స. ఎడింబరోలోని రాజకీయ వృక్షోద్యానమున 1871లో జేమ్స్ మెక్‌నాబ్ ఆరంభించిన శిలావనము కలదు. తరువాత మరల కట్టబడి నేటికిని చక్కగా నున్నది. నీ యూరిలోనిదే గనుక, వానకురియు దినమున పోయి, నీరు ఎట్లు రాతినుండి రాతికి జారి మాయమగునో చూచి రమ్ము. పది పుటలు చదివిన దానికంటె అది మేలు.

ఇప్పుడు రెండవ ప్రశ్న. కొండనుండి మొక్కను పెల్లగింపవచ్చునా? వలదు. కారణములు మూడు చెప్పెదను.

మొదటిది, అది బ్రదుకదు. గులకరాళ్ల వాలులో మొక్క పైకి బెత్తెడే కనబడినను, వేళ్లు రాళ్లసందుల దూరముగా ప్రాకియుండును. మనచేతికి వచ్చునది తల మాత్రమే. తెచ్చినవారికి నాలుగు దినముల సంతోషము, మొక్కకు మరణము. రెండవది, చట్టము. స్విట్జర్లాండులో పెక్కు పర్వతపుష్పములకు రక్షణ కలదు. బ్రిటనులో 1981 చట్టము ప్రకారము నేలకు హక్కుగలవారి యనుమతి లేక యే యడవిమొక్కనైనను వేళ్లతో పెకలించుట నేరము. మీదుమిక్కిలి నాటుమొక్కను దేశము దాటించుటకు అధికారుల యారోగ్యపత్రము కావలయును.

మూడవది నాకు ముఖ్యముగా తోచినది. కొండపూలపై మోజు పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో ప్రబలెను. లండనుకడ క్యూ ఉద్యానమున 1882లో శిలావనము వెలసినది. యార్క్‌షైరువాడైన రెజినాల్డ్ ఫారర్ 1907లో ‘మై రాక్ గార్డెన్’ను, 1919లో ‘ది ఇంగ్లిష్ రాక్ గార్డెన్’ను ప్రకటించి, ఇంటింట ఆ మోజును నాటినాడు. పూల వెదకులాటలోనే 1920లో బర్మా పర్వతములందు మరణించినాడు. విద్య పెరిగినది, దానితో కోరికయు పెరిగినది, కొండలనుండి మొక్కలు గంపలకొలది దిగినవి. నేడు ఆ కొండలకు వేఱొక యాపద తోడైనది. ఐరోపాలోని 302 పర్వతశిఖరములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిన దేమన, భూమి వేడెక్కుకొలది క్రిందిమొక్కలు పైకెక్కుచున్నవి. 1957 నుండి 1966 వఱకు శిఖరములకు క్రొత్తగా చేరిన జాతులకంటె 2007 నుండి 2016 వఱకు చేరినవి అయిదింతలు. క్రిందివారు పైకి వచ్చినచో, పైనున్న గ్లేసియాలిస్ ఎచటికి పోవలెను? శిఖరమునకు పైన ఆకాశమే గాని నేల లేదు. అట్టిదాని చిన్నయింటినుండి మనము ఒక్క మొక్కను తెచ్చినను, తిరిగి యిచ్చుట మన తరము గాదు.

కాళిదాసు శకుంతలను గుఱించి చెప్పినది నీరు పోయుట మాత్రమే కాదు. అలంకారము ఆమెకు ప్రియమే; అయినను చెట్టుమీది ప్రేమచేత చిగురును త్రుంపదని కూడ కణ్వునిచే చెప్పించినాడు. మనము మొదటిమాటను జ్ఞాపకముంచుకొని రెండవదానిని మఱచుట తఱచు. కోరిక లేకుండుట గొప్ప కాదు. ఉన్న కోరికను ప్రేమ యాపుట గొప్ప.

అట్లని నీ ముచ్చట తీఱదనుకొనవలదు. విత్తు కలదు. 1929లో పుట్టిన ఆల్పైన్ గార్డెన్ సొసైటీయు, 1933లో పుట్టిన స్కాటిష్ రాక్ గార్డెన్ క్లబ్బును తమ సభ్యుల తోటలలో పండిన విత్తులను సేకరించి యేటేట సభ్యులకు పంచుచున్నవి. ఈ కుటుంబపు విత్తు ఎండి నిలువయున్న కొలది మొండి నిద్రకు పోవును. కాబట్టి రాలిన వెంటనే చల్లుట శ్రేష్ఠము. కంకర కలిసిన మన్నులో చల్లి, పైన పలుచగా కంకర కప్పి, కుండను శీతకాలమంతయు ఆరుబయట చలిలోనే యుంచవలెను. చలి తగిలినగాని వానికి మెలకువ రాదు. మొదటి వసంతమున మొలవకున్నను కుండను బోర్లింపకుము. రెండవ వసంతమున మొలచుట కలదు. పూయుటకు ఇంకను రెండు మూడేండ్లు పట్టవచ్చును. అంగడి మొక్క నీ డబ్బునకు పూచును. విత్తునుండి వచ్చినది నీ యోర్పునకు పూచును. విత్తిన మొక్క మొదటినుండియు నీ పెరటి గాలికిని వానకును అలవాటు పడి పెరుగును గనుక దిటవుగా నుండును.

మన గోదావరి కృష్ణా తీరములందు ఈ మంచుపూలను పెంచుడని నేను చెప్పను. మన వేసవి వానికి చితి. కాని వానినుండి నేర్చిన పాఠము మన పెరటికిని పనికివచ్చును. కుండలో కలబంద కుళ్లినను, ఎడారి గులాబి మొదలు మెత్తబడినను, నీరు చాలలేదని మఱియొక చెంబు పోయుదుము. ముందు కుండ యడుగున రంధ్రము మూసికొనిపోయినదేమో చూడుడు. మన్నులో వ్రేలు రెండు కణుపుల లోతు దింపి, తడి తగిలినచో చెంబు దింపివేయుడు.

వచ్చు మాసమున వానకాలపు మల్లెపొదల కత్తిరింపును గుఱించి వ్రాయుదును. మల్లె మొగ్గతొడుగక బాధించుచున్నచో, మొక్క వయస్సును, ఎండ తగులు వేళలును తెలుపుచు సోదరీమణులు లేఖలు వ్రాయగోరుచున్నాను.